తాడుకి ఇవతల

...అయినా ముఖం తనంతట తాను ఏమీ చెప్పదు, మనం చెప్పనిస్తేనే చెబుతుంది, అనుకుంది ఆమె, పడవ కమ్మీ పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ. కనుబొమల మధ్య చర్మాన్ని వదులుగా ఉంచాలి. పెదవులు కలిసీ కలవనట్టు ఉండాలి. కళ్ళు తెర మీద ఎక్కడా ఆగకూడదు. ఆగవలసిన చోట కూడా, మామూలు చోట ఎంతసేపు ఆగుతాయో అంతే ఆగి కదిలిపోవాలి. బల్ల మీద పడుకున్నవాళ్ళు తెరను చూడరు, చూసినా వాళ్ళకి బూడిదరంగు పొగ తప్ప ఏమీ కనిపించదు. వాళ్ళు చూసేది తెరను చూస్తున్న మనిషిని. స్కానింగు యంత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు, దానికి కోర్సు ఉంది, సర్టిఫికెట్టు ఉంది. ముఖాన్ని ఖాళీగా ఉంచుకోవడానికి ఏ కోర్సూ లేదు. అది వచ్చినవాళ్ళకి వస్తుంది. వచ్చాక మళ్ళీ ఎప్పుడు వదలాలో తెలియదు, ఇంట్లో కూడా...

"ఒసే గోడా! బిస్కెట్టు కావాలా వద్దా? చెయ్యి లాగేస్తోంది నాకు."

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. బిస్కెట్ల పొట్లం పట్టుకుని, చాపిన చేత్తో ఊగుతూ నిలబడి ఉంది బన్ను. అల పడవను లేపినప్పుడల్లా బన్ను కూడా లేచి దిగుతోంది. హాస్టల్లో బన్ను అని పేరు పెట్టినప్పుడు బుగ్గలు చూసి పెట్టారు. తర్వాత ఆమె నిజంగానే బేకరీ పెట్టింది. పేరుకి న్యాయం చేశానంటుంది.

"తీసుకో. నా చేతి బిస్కెట్టు కాదులే, దుకాణంలో కొన్నది. భయపడక్కర్లేదు."

ఆమె ఒకటి తీసుకుంది. పంతులమ్మ బెంచీ మీద ఒడిలో సంచి పెట్టుకుని, పడవలో ఎక్కినవాళ్ళని క్లాసులో పిల్లల్ని చూసినట్టు వరసగా చూస్తోంది. ఆమె లెక్కల టీచరు, ఈమధ్యే హెడ్మిస్ట్రెస్ అయింది. ఆ పక్కనే, సైకిలు పెట్టిన పొడవాటి అట్టపెట్టె మీద ఒక చెయ్యి వేసి, గుర్రం కూర్చుంది. హాస్టల్లో మెట్లు ఒకటొకటిగా దిగడం ఆమెకి చేతనయ్యేది కాదు, అందుకని గుర్రం. తలకి కట్టిన గుడ్డ కింద మెడ ఎముకలు ఎండలో తేలి కనిపిస్తున్నాయి.

"ఏమైనా చెప్పు, ఎంత సన్నబడ్డావే!" అంది బన్ను, గుర్రం పక్కన కూలబడి. "నడుం చూడు. నేను కూడా ఈత మొదలెడతానమ్మా. ఏం తింటున్నావో చెప్పు."

"ఏమీ తినట్లేదు. అదే కిటుకు."

"అది నావల్ల కాదు. ఇంకోటి చెప్పు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బిస్కెట్టు నోట్లో ఇసుకలా ఉంది. ఆ మెడ ఎముకల్ని చూడకుండా ఉండటానికి ఆమె మళ్ళీ నీళ్ళవైపు తిరిగింది. ద్వీపం అప్పుడే కనిపిస్తోంది, ఆకుపచ్చగా, ఎవరో నీళ్ళ మీద మరిచిపోయిన బట్టల మూటలా.

గుర్రం ఈ ప్రయాణానికి కొద్ది రోజుల ముందు ఒక మధ్యాహ్నం వచ్చింది స్కానింగు గదికి. పేషెంటులా రాలేదు, చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చింది. సైకిలు మీద వంగి వంగి పొట్ట పైభాగం పట్టేసినట్టుంది, వీపులోకి లాగుతోంది, ఎవరో డాక్టరు రాసిచ్చాడు, నువ్వే చూసెయ్యి, అంది. పడుకుంది. "ఊపిరి తీసుకుని పట్టి ఉంచు," అంటే, "ఎంతసేపైనా పడతాను, ఈతగత్తెను," అని బుగ్గలు పూరించింది. అప్పుడు కనిపించింది అది. కడుపు వెనక క్లోమం ఉండే చోట, నున్నగా ఉండవలసిన అంచు మీద, నల్లగా, ఎగుడుదిగుడుగా. కాలేయంలో కూడా చెదురుమదురుగా. ఆమె చెయ్యి కదులుతూనే ఉంది, కళ్ళు ఆగలేదు. "వదులు," అంది. ఊపిరినే. "బానే ఉందా?" అంది గుర్రం. "డాక్టరుగారు చూసి చెబుతారు," అంది ఆమె. అందరికీ చెప్పే మాటే, అదే గొంతుతో. తెర మీద కనిపించింది టెక్నీషియన్ చెప్పకూడదు. చెబితే తప్పు. చెప్పినందుకు ఉద్యోగాలు పోయినవాళ్ళు ఆమెకి తెలుసు. చెప్పడం డాక్టరు పని. ఆ డాక్టరు కబురు పెడితే, గుర్రం ఈ ద్వీపంలో ఈత, సైకిలు, పరుగు పందెం అయ్యాక వస్తానందట.

నాలుగు రోజుల్లో ఏమీ మారదు. ఆ మాట ఆమె తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. అది నిజమే. నిజం కావడం వల్ల ఏమీ ఒరగడం లేదు.

*

గది పొడుగ్గా ఉంది, నాలుగు మంచాలు ఆసుపత్రి వార్డులోలా వరసగా. కిటికీ తీస్తే ఉప్పుగాలి, మూస్తే ఉక్క. బన్ను ఫ్యాను కింది మంచం ఆక్రమించి, "వయసులో పెద్దదాన్ని," అంది. నిజానికి ఆమె అందరికంటే చిన్నది.

గుర్రం నేల మీద దుప్పటి పరిచి పెట్టె విప్పింది. చక్రాలు, హ్యాండిలు, పెడళ్ళు పాత చీర ముక్కల్లో చుట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పి, తుడిచి, దుప్పటి మీద పెట్టింది. చక్రాన్ని బిగించాక పైకెత్తి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వింది. పెడలు బిగించేటప్పుడు ఒక్కసారి ఆగింది. మోచెయ్యి మోకాలి మీద ఆనించి, పళ్ళ మధ్య నుంచి గాలి వదిలి, మళ్ళీ బిగించింది. చూస్తున్నది ఆమె ఒక్కతే. పంతులమ్మ నిర్వాహకులు ఇచ్చిన సంచీలోంచి రూల్సు కాగితం తీసి గట్టిగా చదువుతోంది.

"విను. ముందు ఈత. తర్వాత సైకిలు. సైకిలు అయ్యాక ఇదిగో, ఈ తాడు దగ్గరికి విజిలు వెయ్యకముందే చేరాలి. విజిలు పడ్డాక వచ్చినవాళ్ళని పరుగుకి పంపరు. బయటివాళ్ళు నీకు నీళ్ళిచ్చినా, చెయ్యి పట్టుకున్నా నిన్ను తీసేస్తారు."

"నువ్వు నాకు నీళ్ళివ్వడం కూడానా! పరీక్ష హాల్లో రబ్బరు కూడా ఇవ్వలేదు."

"రబ్బరు మీద సూత్రాలు రాసుకునేదానివి కదే నువ్వు!"

గుర్రం నవ్వుతూ చక్రం ఊచల్ని గుడ్డతో తుడిచింది. తర్వాత, తలెత్తకుండానే, "ఇది మాత్రం పూర్తి చేస్తానే," అంది. "నవ్వకండి. డిగ్రీ సగంలో ఆపాను. కుట్టు సగంలో. కంప్యూటరు మొదటి వారంలోనే. ఆ స్వెట్టరు ఇంకా ఒంటి చేత్తో ఉంది. మా ఆయన్ని ఒక్కణ్ణే సగంలో వదల్లేదు, అదీ ఆయన వదలనివ్వక. ఆఖరి గీత దాటడం అంటే ఏమిటో ఒక్కసారి చూడాలి నేను. మొదట వచ్చానా, చివర వచ్చానా, నాకు అక్కర్లేదు."

"చివరే వస్తావు," అంది బన్ను. "మేం అప్పటిదాకా చప్పట్లు కొడుతూనే ఉంటాం. నా చేతులకి పిండి పిసికే అలవాటుంది, నొప్పెట్టవు."

వాన వచ్చింది, చెప్పాపెట్టకుండా. రేకుల మీద కంకర పోసినట్టు కురిసి, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గుర్రం అంది: "తిరిగి వెళ్ళగానే డాక్టరు రమ్మన్నాడుట. ఏముంటుంది, గ్యాసు. ఏమంటావే గోడా?"

ఆమె తువ్వాలు మడత పెడుతోంది. మడత కుదరనట్టు విప్పి మళ్ళీ పెట్టింది.

"వెళ్ళు మరి. రమ్మన్నప్పుడు వెళ్ళాలిగా."

"వెళ్తాలే," అంది గుర్రం. తన నంబరు స్టిక్కరు తీసి సైకిలుకి అంటించి, గాలి బుడగలు పోయేదాకా బొటనవేలితో నెమ్మదిగా రుద్దింది.

ఆమె తువ్వాలుని ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. హాస్టల్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా తన దగ్గరికే వచ్చేవాళ్ళు. దీనికి చెబితే గోడకి చెప్పినట్టే, ఇక బయటికి రాదు, అనేవాళ్ళు. అది మెప్పుదల అనుకుంది అప్పుడు. గోడ అని పిలిస్తే పలకడానికి ఆమెకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. గోడకి చెప్పినవాళ్ళు తేలికపడి వెళ్ళిపోయేవాళ్ళు. గోడ ఏం చేసేదో ఎవరూ అడగలేదు. గోడ కూడా తనని తాను అడగలేదు.

*

పొద్దున్నే సముద్రం ఒడ్డున మనుషులందరూ ఒకేలా ఉన్నారు. అందరి నెత్తిన ఒకటే పసుపు టోపీ, అందరి కళ్ళకీ అద్దాలు, భుజాల మీద నల్లసిరాతో అంకెలు. గుర్రం వాళ్ళని వదిలి తాడు దాటి వెళ్ళగానే ఆ పసుపులో కలిసిపోయింది. పంతులమ్మ బైనాక్యులర్సు తెచ్చింది, స్కూలు సైన్సు గదిలోంచి.

"అదిగో! చెయ్యి ఊపుతోంది."

"అది మగాడే పంతులమ్మా. మీసాలున్నాయి."

"ఏదీ? ఆఁ... అవును."

హారన్ మోగింది. పసుపంతా ఒక్కసారి నీళ్ళలోకి దూకింది. కాసేపు నురగ, చేతులు, తన్నులు. తర్వాత పసుపు చుక్కలు దూరంగా సాగుతూ, పలచబడుతూ పోయాయి. ఆమె చూస్తూ నిలబడింది. ఒక్కో చుక్క తల తిప్పి గాలి పీల్చుకుని మళ్ళీ మునుగుతుంది. ఊపిరి తీసుకో, పట్టు, వదులు. ఎవరూ చెప్పకుండానే. తను మాత్రం ఊపిరి బిగబట్టి ఉన్నట్టు కాసేపటికి గాని తెలియలేదు.

గుర్రం నీళ్ళలోంచి బాగానే బయటికి వచ్చింది, చివరివాళ్ళలో, కానీ చివర కాదు. బన్ను కేకలకి పక్కవాళ్ళు చెవులు మూసుకున్నారు. తడి కాళ్ళతో పరిగెత్తి, బూట్లు తొడుక్కుని, సైకిలు తోసుకుంటూ గీత దాకా వెళ్ళి, ఎక్కింది. ఎక్కేముందు వాళ్ళవైపు చూసి నాలుక బయటపెట్టింది. ఆ తర్వాత రోడ్డు వంపులో మాయమైంది.

ఇక నిరీక్షణ. ఎండ పైకి వచ్చింది. వాన పడ్డ నేల ఆవిర్లు కక్కుతోంది. సైకిళ్ళు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. తాడు దగ్గర టోపీ పెట్టుకున్న కుర్రది ఒకతె విజిలు మెడలో వేసుకుని గడియారం చూసుకుంటోంది. తాడు అవతల పరుగు దారి, రంగు జెండాలతో, కొబ్బరిచెట్ల మధ్య నుంచి పోతోంది. వచ్చినవాళ్ళు సైకిలు స్టాండులో పెట్టి, బూట్లు మార్చుకుని అటు పరిగెడుతున్నారు. తాడుకి ఇటువైపు నిలబడ్డ భార్యలూ మొగుళ్ళూ పిల్లలూ అరుస్తున్నారు. తన పక్కన బన్ను అరటిపండు తొక్క చేతిలోనే పట్టుకుని ఎక్కడ పారెయ్యాలో మరిచిపోయింది. పంతులమ్మ వాచీ చూడటం మానేసింది. అంటే సమయం దగ్గరపడిందన్నమాట.

వంపు దగ్గర సైకిలు కనిపించింది. గుర్రమే. కానీ తొక్కడం లేదు. దిగి, హ్యాండిలు మీద ఒరిగి, తోసుకుంటూ నడుస్తోంది. నాలుగు అడుగులు వేసి ఆగింది. రోడ్డు పక్కకి వంగి వాంతి చేసుకుంది. మూతి భుజానికి తుడుచుకుని మళ్ళీ సైకిలెక్కింది.

"రావే! రావే నా తల్లీ!" అని బన్ను గొంతు చించుకుంది.

ఆమె అరవలేదు. అరవడానికి నోరు తెరిచింది. లోపలి నుంచి ఇంకేదో వచ్చి ఆ అరుపుకి అడ్డం నిలబడింది. ఆగు. ఇంక చాలు, ఆగిపో. పడుకో. నీ ఒళ్ళు నీకు తెలియదు.

విజిలు పడింది.

కుర్రది తాడు లాగి కట్టింది. గుర్రం ఇంకా కొంచెం దూరంలో ఉంది. గుర్రం కంటే ముందు ఒక పెద్దమనిషి వస్తున్నాడు, పందెం పెట్టిన హోటలు పేరు వీపు మీదున్న బనియనుతో. విజిలు పడ్డాకే వచ్చాడు. ఆమె చూసింది. విజిలు శబ్దం, కట్టిన తాడు, ఆ తర్వాత అతని ముందు చక్రం: ఈ వరస ఆమె కళ్ళ ముందే జరిగింది. లోపలి నుంచి ఎవరో "సార్ వస్తున్నారు, సార్!" అన్నారు. కుర్రది కంగారుగా తాడు పైకెత్తింది. అతను తల వంచి దూరాడు. చప్పట్లు కొట్టారు. అతని వెనకే గుర్రం వచ్చింది. చక్రం ముందుభాగం తాడు కిందకి వచ్చేసింది. తాడు దిగింది.

"సమయం అయిపోయిందండి."

గుర్రానికి అర్థం కాలేదు. తాడు వంక చూసి, దాన్ని చేత్తో పైకెత్తబోయింది. కుర్రది తాడు మీద చెయ్యి వేసింది.

"అయిపోయిందండి. విజిలు పడింది."

"పడితే ఇప్పుడాయన్నెలా పంపావమ్మా?" పంతులమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఆమె గొంతు పాఠశాల మైదానం అంతా వినిపించే గొంతు. "ఆయనకో విజిలూ, ఈవిడకో విజిలూనా? మీ పెద్దవాళ్ళని పిలువు."

పెద్దవాడొకడు వచ్చాడు, చెమట తుడుచుకుంటూ, మెడలో బిళ్ళతో. మర్యాదస్తుడే. "ఆయన విజిలుకి ముందే వచ్చారండి," అన్నాడు.

"వెనకొచ్చాడు!"

"మీరు చూశారా?"

పంతులమ్మ నీళ్ళు నమిలింది. విజిలు పడ్డ క్షణంలో తను గుర్రాన్ని చూస్తోంది, తాడుని కాదు. బన్ను కూడా అంతే. "మా గోడ చూసింది. ఇక్కడే ఉంది. దాని కళ్ళు డేగ కళ్ళు, అదే దాని ఉద్యోగం. ఏమే, చూశావు కదా? చెప్పు ఆయనకి," అంది పంతులమ్మ.

అందరూ ఆమెవైపు తిరిగారు. చెమట తుడుచుకునే ఆయన, విజిలు కుర్రది, బన్ను. గుర్రం కూడా, హ్యాండిలు మీద రెండు చేతులూ ఆనించి, ముఖమంతా ఉప్పు చారికలతో, పెదవి ఒక పక్క తడిగా. ఆ కళ్ళు అడగడం లేదు, ఎదురుచూస్తున్నాయి అంతే.

కనుబొమల మధ్య చర్మం తనంతట తాను వదులైంది. పెదవులు కలిసీ కలవనట్టు సర్దుకున్నాయి.

"నేను... సరిగ్గా చూడలేదు," అంది ఆమె.

చెమటాయన తల ఊపి, గుర్రంతో మెత్తగా, "వచ్చే ఏడాది రండమ్మా. బాగా తొక్కారు. వచ్చే ఏడాది తప్పకుండా పూర్తి చేస్తారు," అన్నాడు. కుర్రది మోకాలి మీద కూర్చుని గుర్రం చీలమండకి కట్టిన, టైము కొలిచే బిళ్ళ విప్పి తీసుకుంది. బిళ్ళ కట్టిన చోట చర్మం తెల్లగా, ముడతలు పడి ఉంది. ఆ కాలుని గుర్రం కాసేపు అలాగే ఎత్తి ఉంచింది, ఇంకా ఏదో విప్పాల్సి ఉన్నట్టు.

*

సాయంత్రం దాకా గుర్రం పడుకునే ఉంది, అటు తిరిగి. పంతులమ్మ ఫిర్యాదు రాస్తానంది, రాసి చించేసింది. బన్ను ఎక్కడినుంచో వేడి వేడి రొట్టెలు తెచ్చి, తనే ఒకటి కొరికి, "ఈస్టు ఎక్కువైంది," అని తీర్పిచ్చింది. ఎవరూ తినలేదు.

"ఏడవకే," అంది బన్ను, గుర్రం పాదాల దగ్గర కూర్చుని. గుర్రం ఏడవడం లేదు. బన్నే ముక్కు చీదుతోంది. "ఏమైందిప్పుడు? వచ్చే ఏడాది మళ్ళీ వద్దాం. నలుగురం. నేను బేకరీ మూసేసి వస్తాను. ఆ తాడు కుర్రదాని విజిలు ముందే కొట్టేస్తాను."

"వచ్చే ఏడాది నేను రిటైరు కూడా అవుతా," అంది పంతులమ్మ. "ముందుగానే వచ్చి ఇక్కడే నెల్లాళ్ళు ఉండి సాధన చేయిద్దాం దీంతో. నువ్వూ వస్తావుగా గోడా?"

గుర్రం మెల్లగా ఇటు తిరిగింది. దిండు గీతలు పడిన చెంపతో ఆమె వంకే చూస్తోంది.

"వస్తావుగా?" అని మళ్ళీ అంది పంతులమ్మ.

"కాళ్ళు కడుక్కొస్తాను. ఇసుక," అని ఆమె లేచింది. స్నానాలగది తలుపు వేసుకుని కుళాయి తిప్పింది. బకెట్టు నిండింది, పొర్లింది. అద్దంలో ముఖం అలాగే ఉంది, నున్నగా, ఏమీ లేకుండా. బొటనవేళ్ళతో కనుబొమల మధ్య చర్మాన్ని నొక్కి చూసుకుంది, ముడత పడుతుందేమోనని. పడింది, కానీ వేళ్ళు తీయగానే పోయింది. గుర్రాన్ని ఆపడం మంచికే చేశానని తనకి తాను చెప్పుకోబోయింది. ఒళ్ళు పాడవుతుందని, కళ్ళెదుట పడిపోతుందని. ఆ మాటల కింద ఇంకో మాట ఉంది, అది చెప్పుకోవడానికి ధైర్యం కావలసి వచ్చింది: ఆ తాడు దగ్గర జవాబు చెప్పేటప్పుడు ఆమె గుర్రం గురించి ఆలోచించనే లేదు. ఎవరో అడిగారు, తను చూసింది చెప్పలేదు. అంతే. ఎవరు అడిగినా, ఏం చూసినా, తను చేసేది అదే.

*

మర్నాడు తెల్లగా వెలుగు వచ్చాక మెలకువ వచ్చింది ఆమెకి. గుర్రం మంచం మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. బన్ను గురక పెడుతోంది. పంతులమ్మ మొహాన తువ్వాలు కప్పుకుని నిద్రపోతోంది. గుర్రం ఆమె కళ్ళు తెరవడం చూసింది. రమ్మనలేదు, వద్దనలేదు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే నడిచింది.

బీచి రోడ్డు మీద మనుషులు నిచ్చెనలు వేసుకుని జెండాలు ఊడదీస్తున్నారు. పరుగు దారికి వేసిన బాణం గుర్తులు నేల మీద ఇంకా ఉన్నాయి, సున్నంతో. గుర్రం ఆ బాణాల వెంటే పరిగెత్తింది. పరుగంటే పరుగూ కాదు, నడకా కాదు. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, పాదాలు నేలకి రాచుకుంటూ. ఆమె పక్కన వేగంగా నడిస్తే సరిపోయింది. జెండాలు పీకేవాడొకడు పైనుంచి, "పందెం నిన్నమ్మా!" అని అరిచాడు.

"తెలుసు బాబూ. నాకు కాస్త ఆలస్యమైంది," అంది గుర్రం ఆగకుండా.

కొబ్బరిచెట్లు అయిపోయి రాళ్ళు మొదలయ్యే చోట గుర్రం ఆగింది. వంగి మోకాళ్ళు పట్టుకుంది. తర్వాత ఒక రాతి మీద కూర్చుని కాళ్ళు చాపింది. అక్కడి నుంచి ఆఖరి గీత ఇంకా చాలా దూరం. దాని మీద నిలబెట్టిన తోరణం కూడా పీకేసి ఉంటారు.

"నిన్న చూశావు కదూ," అంది గుర్రం.

"చూశాను."

"ఆయన విజిలు తర్వాతే వచ్చాడు."

"తర్వాతే."

"మరి?"

"నువ్వు ఆగిపోతే బావుండునని..."

"ఎందుకు?"

అల ఒకటి వచ్చి రాళ్ళ సందుల్లో గురగురమని వెనక్కి పోయింది.

"అడగట్లేదులే," అంది గుర్రం. గొంతులో కోపం లేదు. అదే భరించడం కష్టంగా ఉంది. "నాకు ఆవాళే తెలుసే. ఆ గదిలోనే."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. నీ మొహం కాదు. నీ మొహం ఎప్పుడూ ఉన్నట్టే ఉంది, చెక్కతో చేసినట్టు. నా పిల్లలిద్దరి స్కానింగులూ నువ్వే చేశావు. పిత్తాశయంలో రాళ్ళున్నాయేమోనని చూసిందీ నువ్వే. ప్రతిసారీ ఏం చేసేదానివి? ఆ జెల్లీ తుడుచుకోమని ఇంత టిష్యూ కాగితం చింపి నా మొహాన కొట్టేదానివి. లే, లే, బయట జనం ఉన్నారు, అనేదానివి. ఆవాళ నువ్వే తుడిచావు. పసిపిల్లని తుడిచినట్టు, మెల్లగా, అంచుల దాకా. జాకెట్టు కూడా నువ్వే కిందకి లాగావు."

ఆమెకి గుర్తు రాలేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. తెర గుర్తుంది, నల్లటి అంచు గుర్తుంది, తన గొంతు ఎంత మామూలుగా ఉందో గుర్తుంది. చేతులు ఏం చేశాయో తెలియదు. అవి ఆమెకి చెప్పకుండా ఏదో చేశాయి.

"తుడిచానా?" అంది.

"తుడిచావు. అప్పుడే అనుకున్నా, సరే, అయితే ఇదన్నమాట అని. డాక్టరు దగ్గరికి వెళ్తే పందెం ఉండదు. పందెం అయ్యాక వెళ్దామనుకున్నాను. నీకు రూలుంది కదా, చెప్పకూడదని. నేనడిగితే నీకు ఇరకాటం. అందుకని అడగలేదు." గుర్రం కాలి బూటు తాడు విప్పుకుని, మళ్ళీ కట్టుకుంది. "మొన్న గ్యాసు అన్నానే, అప్పుడు కూడా నీకు దారి ఇద్దామనే. చెప్పమని కాదు. ఇలా వచ్చి పక్కన కూర్చుంటావేమోనని. నువ్వు తువ్వాలు మడత పెట్టుకున్నావు."

ఆమె తల వంచుకుంది.

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వీళ్ళిద్దరికీ తెలియదు. తెలిసినదానివి నువ్వొక్కదానివే. ఆ నువ్వేమో నన్ను చూడటం మానేశావు. పడవలో నీళ్ళకేసి చూశావు. గదిలో నేలకేసి చూశావు. ఈ రోజులన్నీ అది నాతోనే పడుకుంటోంది, నాతోనే లేస్తోంది. నేనూ అదీ, ఇద్దరమే. నిన్న పందెం పోయినందుకు కాదే నేనటు తిరిగి పడుకుంది."

దూరంగా నిచ్చెన మీదివాళ్ళు ఏదో జోకు వేసుకుని నవ్వారు. ఒక జెండా చేతిలోంచి జారి గాలికి ఎగిరి, నీళ్ళ మీద వాలింది.

క్షమించు అనే మాట ఆమె నాలుక దాకా వచ్చింది. ఎంత చిన్న మాటో, ఎంత సులువుగా వస్తుందో చూసి, మింగేసింది.

"మందేమిటని అడగను," అంది గుర్రం. "పేరేమిటని అడగను. ఎన్నాళ్ళని అసలే అడగను. అవన్నీ డాక్టరు చెబుతాడు, చెప్పనీ, అతని జీతం అందుకే. కానీ నా ఒంట్లో ఉన్నదాన్ని నువ్వు చూశావు, నేను చూడలేదు. రాత్రిళ్ళు చెయ్యి పెట్టి వెతుక్కుంటాను. ఇక్కడేమో అనుకుంటాను, అక్కడేమో అనుకుంటాను. ఎక్కడుందో అది ఒక్కటి చూపించు."

ఆమె లేచి రాతి మీద గుర్రం పక్కన, తొడకి తొడ ఆనేటట్టు కూర్చుంది. గుర్రం అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, చెమటకి అంటుకున్న బనియను పైకి జరిపి, పక్కటెముకలు రెండూ కలిసే చోటికి కాస్త కిందగా, కొంచెం ఎడమకి పెట్టింది. దాని మీద తన చెయ్యి వేసి, లోతుకి తెలిసేటట్టు మెల్లగా నొక్కింది.

"ఇక్కడ," అంది, గుర్రం ముఖంలోకి చూస్తూ.